మా పెరటి సినిమా

సినిమా వాళ్ళని మా ఇంటికి తీసుకొచ్చింది నేనే. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతాది చెప్పడం తేలిక. అమ్మ వద్దంది. ఒకసారి కాదు, అడిగిన ప్రతిసారీ వద్దంది.

జూన్ రెండో ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు గారు ఒక అమ్మాయిని ముందుకు పిలిచారు. పేరు ఇమానీ. ముప్పై ఏళ్ళుంటాయేమో. చికాగోలో పుట్టి పెరిగిందట. మాలాగే నల్లపిల్ల, వాళ్ళ తాత ఎప్పుడో మా అలబామాలోనే ఉన్న పక్క కౌంటీ నుంచి రైలెక్కి పోయినవాడు. ఆమె వెనకాల గ్రెగ్ అని పొడుగాటి తెల్లబ్బాయి, భుజం మీద కెమెరా పెట్టుకుని నిలబడ్డాడు.

"మీ ఊళ్ళో మురుగునీళ్ళ సంగతి దేశానికి చూపించాలని వచ్చాం," అంది ఇమానీ.

చర్చిలో ఊగుతున్న విసనకర్రలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి.

ఆగక ఏం చేస్తాయి? మా టార్వర్ కౌంటీది నల్లరేగడి నేల. పత్తికి బంగారం, నీళ్ళకి బండరాయి. వాన పడితే చుక్క ఇంకదు. కౌంటీ వాళ్ళ మురుగు గొట్టాలు కోర్టు వీధీ, తెల్లవాళ్ళ పేటా దాటి మా వైపు ఏనాడూ రాలేదు. ఎవరి సెప్టిక్ ట్యాంకు వాళ్ళే కట్టించుకోవాలి. ఈ నేలకి మామూలు ట్యాంకు పనికిరాదు. మట్టి దిబ్బ పోసి, మోటారు బిగించి కట్టాలి. ఆ ఖర్చుతో ఇంకో ఇల్లు లేస్తుంది. అందుకని మా వీధిలో ఇంటింటికీ మరుగుదొడ్డి నుంచి ఒక గొట్టం వెనక గోడలోంచి బయటికొచ్చి, పెరట్లో కాలవలో పడుతుంది. అది అందరికీ తెలుసు. ఎవరూ ఎవరి పెరటి వైపూ చూడరు. అది మా ఊరి మర్యాద.

ఇంటికొస్తూ దారిలోనే అమ్మనడిగాను.

"నా దొడ్డి దేశానికి చూపిస్తావుటే?" అంది అమ్మ.

"నీ ఒక్కదానిదే కాదమ్మా. ఊరందరిదీ."

"అయితే ఊరందరి ఇళ్ళకీ పొమ్మను. ముందు పాస్టరు గారింటికి పొమ్మను. ఆయన పెరటి వాసనకి చర్చి గంట కూడా ముక్కు మూసుకుంటుంది."

మా అమ్మ పేరు ఐసీబెల్. డెబ్బై ఒకటో ఏడు. ఇల్లు, ఇల్లున్న ఎకరం నేల ఆమెవి. నేను వాలుగ చేపల ఫ్యాక్టరీలో చేపలు కోస్తాను. ఇరవై రెండేళ్ళుగా అదే పని, అదే కత్తి. మాతోపాటు నా మనవరాలు నైలా, ఏడేళ్ళది. నా కూతురు రోషెల్ రెండేళ్ళ కిందట గుండె ఆగి పోయింది. దగ్గరున్న ఆసుపత్రి అప్పటికే మూసేశారు, దూరపు ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది. అప్పట్నుంచి నైలా నా దగ్గరే. కోర్టు కాగితాలేవీ లేవు. మా వాళ్ళలో అమ్మ పోయిన పిల్ల అమ్మమ్మ ఒళ్ళో పడుతుంది. దానికి కాగితమెందుకు?

ఆ మే నెలలో నైలాకి కడుపులో పురుగులున్నాయని డాక్టరు చెప్పాడు. "ఈ రోజుల్లో ఇవి ఎవరికీ ఉండవమ్మా," అన్నాడు, మేమేదో పాతకాలంలోంచి నడిచొచ్చినట్టు. మందిచ్చాడు. చెప్పుల్లేకుండా పెరట్లోకి పోనివ్వద్దన్నాడు. ఏడేళ్ళ పిల్లని పెరట్లోకి పోకుండా ఎన్నాళ్ళు పట్టుకుంటాం?

"పుండు చూపిస్తేనే గదమ్మా మందు వేసేది?" అన్నాను.

"చూపించాం వెర్డీ," అంది అమ్మ. "మన నల్లవాళ్ళకి ఓటు హక్కు కావాలని అడిగి దెబ్బలు తిన్న రోజుల్లో ఇలాగే కెమెరాలొచ్చాయి. నెత్తి మీద కారే రక్తం చూపించాను. దాన్ని తీసుకుని వాళ్ళు వెళ్ళిపోయారు. ఇక్కడ ఉండాల్సింది మనం."

జూన్ ఆఖర్లో మూడు రోజులు విడవకుండా వాన కురిసింది. మూడో రోజు సాయంత్రం నైలా స్నానాలతొట్టిలో ఉంది. నేను వంటింట్లో మొక్కజొన్న రొట్టె కాలుస్తున్నాను. ఉన్నట్టుండి పిల్ల కేక వేసింది. పరిగెత్తి వెళ్ళేసరికి తొట్టి అడుగు నుంచి నల్లటి నీళ్ళు గుడగుడమంటూ పైకొస్తున్నాయి. నైలా ఒంటి నిండా సబ్బు నురగతో తొట్టి అంచు మీద నిలబడి, గోడ పట్టుకుని వణుకుతోంది. నాకంటే ముందు అమ్మ వెళ్ళి పిల్లని ఎత్తుకుంది. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడానికి నా చెయ్యి అడిగే మనిషి.

పిల్లని వరండాలో నిలబెట్టి వాననీళ్ళతో కడిగింది. తువ్వాలు చుట్టింది. అప్పుడు నా వైపు తిరక్కుండానే అంది.

"ఆ చికాగో పిల్లని రమ్మను."

జూలై అంతా వాళ్ళు వస్తూనే ఉన్నారు. మొదటి రోజు అమ్మ ఈస్టరుకి పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకుని, తెల్ల గ్లవుజులు తొడుక్కుని వంటింట్లో కుర్చీలో కూర్చుంది. "మామూలుగా ఉండండి మామ్మగారూ," అంది ఇమానీ. "ఇదే నా మామూలు," అంది అమ్మ. గ్రెగ్‌కి వేయించిన బెండకాయలు ఎంత పెట్టినా చాలేవి కావు. మూడోసారి పళ్ళెం చాచినప్పుడు అమ్మ నవ్వింది. "ఒరే పొడుగూ, మీ ఇంట్లో వండరా? వండినా ద్వారబంధానికి నీ తల తగిలి లోపలికి పోలేవా?" ఆ రోజు నుంచి వాడు మా ఇంటివాడైపోయాడు.

ఇమానీ ప్రశ్నలు అడిగేది కాదు, ఊరికే కూర్చునేది. అమ్మే మొదలుపెట్టింది. నేను కూడా ఎన్నడూ వినని సంగతులు చెప్పింది. వాళ్ళ నాన్న ఒక తెల్లాయన పొలంలో పత్తి పాలికి చేసేవాడట. ఓటరుగా పేరు రాయించుకుని వచ్చిన మర్నాడే సామాను రోడ్డు మీద పడేశారట. ఆ చలికాలమంతా రోడ్డు పక్కన గుడారంలో ఉన్నారట, ఏడుగురు పిల్లలతో. "చెల్లెలు ఆ గుడారంలోనే దగ్గి దగ్గి పోయింది," అంది అమ్మ. "తరవాత నాన్న ఈ ఎకరం కొన్నాడు. రేగడి అని ఎవరూ కొనలేదు కాబట్టి మాకు దొరికింది." ఇమానీ కళ్ళు తుడుచుకుంది. అమ్మ తుడుచుకోలేదు. టోపీ సర్దుకుంది.

ఆ తరవాత పెరడు. అమ్మ తనే తలుపు గొళ్ళెం తీసింది. "ఇదిగో నాయనా," అంది గ్రెగ్‌తో, "చూడు." వాడు గొట్టం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు తీశాడు. ఆ వాసనకి కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నా ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. ఆ మర్యాదకి నేను వాణ్ణి ఇప్పటికీ ఏమీ అనలేను.

అప్పుడే నైలా వచ్చింది. పసుప్పచ్చ గౌను వేసుకుని ఉంది. కాలవకి అవతల పికాన్ చెట్టు కింద దాని ఉయ్యాల. అక్కడికి పోవాలంటే కాలవ దూకాలి. రోజూ దూకేదే. రెండడుగులు వెనక్కి వేసి, గౌను రెండు చేతుల్తో ఎత్తిపట్టుకుని ఎగిరింది. అవతల దిగి పకపకా నవ్వింది. గ్రెగ్ కెమెరా దానివైపు తిప్పాడు.

"ఇంకోసారి దూకుతావా బంగారం?" అంది ఇమానీ.

దానికి కావలసింది అదే. ఆరుసార్లు దూకింది. ప్రతిసారీ దిగగానే వెనక్కి తిరిగి కెమెరాకి నవ్వింది. ఎండ దాని మొహం మీద పడుతోంది. అడుగున ఆ నీళ్ళు మెరుస్తున్నాయి. దూరం నుంచి చూస్తే అది ఏ సెలయేరో అనుకుంటారు.

"చాలించండి, పిల్ల పడుతుంది," అని అమ్మ కిటికీలోంచి కేకేసింది.

నేను ఆపలేదు. నా మనవరాలు ఎంత అందంగా ఉందో అని చూస్తూ నిలబడ్డాను. నిజం చెప్పాలంటే గర్వంగా ఉంది.

ఆగస్టులో ఇమానీ మూడు నిమిషాల ముక్క తయారుచేసింది. పూర్తి సినిమా రావడానికి ముందు జనం చూడ్డానికి ఇంటర్నెట్‌లో పెడతానంది. ముందు మీకే చూపిస్తానని చర్చి హాల్లో గోడకి తెల్ల దుప్పటి కట్టింది. అమ్మ మాటలు వినిపిస్తుంటే నైలా ఎగిరింది, నెమ్మదిగా, పక్షిలా. గాల్లో ఉండగానే బొమ్మ ఆగిపోయింది. కింద కాలవ. అంతే.

వెనక వరసలో ఒక ముసలాయన గట్టిగా ఏడ్చేశాడు. పక్కింటివాళ్ళు, ఇన్నాళ్ళూ మా పెరటి వైపు చూడనివాళ్ళు, వచ్చి అమ్మ చెయ్యి పట్టుకున్నారు. "మా ఇంట్లోనూ అంతే ఐసీబెల్," అన్నారు ఒక్కొక్కరే. ఆ మాట ఒకరితో ఒకరు అనుకోవడానికి మాకు యాభై ఏళ్ళు పట్టింది.

"ఇక కౌంటీ వాళ్ళు కళ్ళు మూసుకోలేరు," అన్నారు పాస్టరు గారు.

ఆయన అన్నట్టే వాళ్ళు కళ్ళు తెరిచారు.

సెప్టెంబరు రెండో మంగళవారం నేను పొద్దుటి షిఫ్టు అయి ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు రెండు కార్లున్నాయి. ఒకాయన ఆరోగ్య శాఖ వాడు, హాల్కోమ్. మెడలో కార్డు, చేతిలో అట్ట. రెండో మనిషి పిల్లల శాఖ ఆవిడ, పెటవే. ఆవిడా మాలో మనిషే. ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుంది, చెమటతో వీపుకి అంటుకుపోయింది. ఆవిడ ఫోనులో నైలా గాల్లో ఆగిపోయి ఉంది.

"ఇది మీ ఇల్లేనా?" అంది.

"అవును."

"ఈ పాప ఇక్కడే ఉంటుందా?"

"నా మనవరాలు. ఇంకెక్కడుంటుంది?"

"చట్టప్రకారం పాప బాధ్యత ఎవరిది? అంటే, కోర్టు కాగితం ఏదన్నా ఉందా?"

లేదని తల ఊపాను. ఈలోపు హాల్కోమ్ మా తలుపుకి ఎర్ర అక్షరాల కాగితం అంటించాడు. ఈ ఇల్లు మనుషులు ఉండటానికి పనికిరాదు అని దాని సారాంశం. ముప్పై రోజుల్లో ఖాళీ చెయ్యాలి. మురుగు బయటికి వదిలినందుకు కేసు వేరే.

"మా వీధిలో అన్ని ఇళ్ళూ ఇంతేనయ్యా," అన్నాను. "ఒక్కసారి అలా నడిచి చూడండి."

"నాకు అందిన ఫిర్యాదు ఈ ఇంటి మీదేనమ్మా," అన్నాడు. విసుగు లేదు, కోపం లేదు. నాలుగు మూలలా టేపు గోటితో నొక్కి చూసుకున్నాడు.

అమ్మ వరండాలో కుర్చీలోంచి పెటవే మొహం చాలాసేపు చూసింది.

"అమ్మాయ్, నువ్వు లూలా పెటవే మనవరాలివి కదూ? మీ నాయనమ్మ ఇంటి గొట్టం ఎక్కడ పడుతుందో నాకు తెలుసు."

ఆవిడ తల దించుకుంది. "నాకూ తెలుసు మామ్మగారూ. కానీ ఆ గొట్టం సినిమాలో లేదు."

అప్పుడే బడి బస్సు ఆగింది. నైలా సంచీ ఊపుకుంటూ దిగింది. కార్లు చూసింది, కొత్తవాళ్ళని చూసింది, మొహం వెలిగిపోయింది. పరిగెత్తుకుంటూ వచ్చింది.

"కెమెరా ఎక్కడ?" అంది. "మళ్ళీ దూకమంటారా? గౌను వేసుకు రానా?"

హాల్కోమ్ తన కారు వైపు చూశాడు. పెటవే వంగి, "ఇవాళ కాదు తల్లీ," అంది. "ఇవాళ నువ్వూ నేనూ కారులో అలా వెళ్ళొద్దాం."

కోర్టు తేల్చేదాకా పిల్లని వేరే వాళ్ళింట్లో ఉంచుతామని, బట్టలు సర్దడానికి అరగంట టైమిచ్చారు. మూడు జతల బట్టలు పెట్టాను. పళ్ళు తోముకునే బ్రష్షు పెట్టాను. తలకి రాసుకునే నూనె సీసా పెట్టి, వాళ్ళకి దాని జుట్టు దువ్వడం వస్తుందో రాదో అని, రెండు జడలు గట్టిగా బిగించి వేశాను. నొప్పి పుడుతోందని అది అరిచింది. "ఓర్చుకో, వారం రోజులు ఉండాలి," అన్నాను. వారం అనే అనుకున్నాను. నా చేతులకి ఇంకా చేప వాసన పోలేదు.

తరవాతి రెండు నెలలూ కోర్టు. జడ్జి గారు చెడ్డవాడు కాదు. పిల్ల ఉండటానికి సరైన ఇల్లు, సరైన మరుగుదొడ్డి చూపించమన్నాడు. అమ్మ ఇల్లు వదలనంది. "ఈ తలుపు మీద ఏ కాగితం అంటించినా నేను ఇక్కడే ఉంటాను. జైల్లో పెడితే పెట్టనీ, అక్కడన్నా నీళ్ళు కిందికి పోతాయి," అంది. నేను ఫ్యాక్టరీ దగ్గర ట్రైలరులో, అంటే చక్రాల మీది రేకుల ఇంట్లో, ఒక గది అద్దెకి తీసుకున్నాను. జడ్జి గారు కాగితాలు చూసి, పిల్లకి వేరే గది ఉండాలని చట్టం చెబుతోందన్నాడు. పైగా పిల్ల ఒంట్లో పురుగులున్నట్టు డాక్టరు రాసిన చీటీ కూడా ఆయన ముందుంది. దాన్ని నేనే ఇమానీకి ఇచ్చాను, సినిమాలో చూపించమని; ఆ మూడు నిమిషాల ముక్కలో అదీ ఉంది.

ఇమానీ చికాగో నుంచి కారు నడుపుకుంటూ వచ్చింది. సాక్ష్యం చెబుతానంది, అవసరం లేదన్నారు. కోర్టు మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. సినిమా ముక్క చూసినవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో చందాలు పంపించారు. ట్యాంకు కట్టడానికి సరిపోయేంత వచ్చిందంది. ఆ మాట విని రెండు రోజులు నా కాళ్ళు నేల మీద నిలవలేదు. మూడో రోజు కౌంటీ ఆఫీసుకి వెళ్తే, పనికిరాదని తేల్చిన ఇంటికి ట్యాంకు అనుమతి ఇవ్వడం కుదరదన్నారు. మరి ఆ కాగితం తియ్యాలంటే? ట్యాంకు ఉండాలన్నారు. కిటికీ అవతల కూర్చున్న అమ్మాయి ఇది చాలా మామూలుగా చెప్పింది. చెప్పి, నా వెనకాల మనిషిని పిలిచింది.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం అమ్మని చూడ్డానికి వెళ్ళాను. వరండాలో కూర్చుని పికాన్ కాయలు కొడుతోంది. నేనూ పక్కన కూర్చుని పప్పు వలుస్తున్నాను.

"అను అమ్మా," అన్నాను చివరికి.

"ఏమనాలి?"

"నేనే తెచ్చానని. వద్దని చెప్పావు గదా, అనేయ్."

అమ్మ ఒక కాయ తీసి, పుచ్చిపోయిందేమో చూసి, పక్కకి విసిరేసింది.

"నువ్వు చూపిద్దామన్నావు. గొళ్ళెం తీసింది నేను," అంది. "టోపీ కూడా పెట్టుకున్నాను."

అంతకుమించి ఆ సంగతి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. అరిచి తిట్టినా బాగుండేది. అమ్మ అన్నం తినడం తగ్గించేసింది. నైలా పడుకునే మంచం మీద దుప్పటి మార్చనివ్వలేదు.

నవంబరులో ఇమానీ ఫోను చేసింది. పూర్తి సినిమా అయిందట. ఏదో పెద్ద నగరంలో పండగలా సినిమాలు వేస్తారట, అందులో దీనికి బహుమతి వచ్చిందట. ఆ మాట చెబుతూ ఆ పిల్ల సంతోషపడలేదు, పాపం.

"మిమ్మల్ని రప్పించమని వాళ్ళు అడుగుతున్నారు ఆంటీ. మీరు నాలుగు మాటలు చెబితే..."

"ఎప్పుడు?"

"వచ్చే శనివారం."

"శనివారం నేను పిల్లని చూడ్డానికి వెళ్ళాలి. గంట ఇస్తారు. పోగొట్టుకుంటే మళ్ళీ రెండు వారాలు."

ఇమానీ గొంతు తగ్గించి అడిగింది. "ఆంటీ, ఆ దూకే ముక్క తీసెయ్యమంటారా? మీరు తియ్యమంటే తీసేస్తాను. బహుమతి వెనక్కిచ్చేయమన్నా ఇచ్చేస్తాను."

నేను ట్రైలరు కిటికీ దగ్గర నిలబడి ఉన్నాను. ఎదురుగా ఫ్యాక్టరీ గోడ. నైలా నవ్వు గుర్తు చేసుకుందామని ప్రయత్నిస్తే, ఈ మధ్య చూసిన మొహమే గుర్తొస్తోంది.

"ఉంచు," అన్నాను. "అందులో పిల్ల నవ్వుతోంది గదా."

ఆ శనివారం రెండు బస్సులు మారి వెళ్ళాను. నైలాని పెట్టిన ఇల్లు మా ఊరికి మూడు గంటల దూరం. ఇంటికి పోనివ్వరు, ఆఫీసులో ఒక గది ఇస్తారు. చిన్న బల్ల, రెండు కుర్చీలు, పెట్టెలో బొమ్మలు. మూల ఒకావిడ కూర్చుని మేం మాట్లాడేదంతా రాసుకుంటూ ఉంటుంది. మొదటి రెండుసార్లు నైలా నా మెడ పట్టుకుని వదల్లేదు. ఆవిడే వచ్చి దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

ఈసారి వచ్చి ఎదురు కుర్చీలో కూర్చుంది. జుట్టు వాళ్ళు చక్కగానే దువ్వారు, నాకు తెలియని తీరులో. అమ్మ పంపిన పికాన్ పప్పు పొట్లం ఇచ్చాను. "థాంక్యూ" అంది, కొత్తగా నేర్చుకున్నట్టు.

"తాతమ్మ నిన్నడుగుతోంది," అన్నాను.

"ఊఁ."

"బడిలో ఎలా ఉంది?"

"బావుంది." పప్పు ఒకటి తీసి నోట్లో వేసుకుంది. "అమ్మమ్మా, వాళ్ళింట్లో తొట్టిలో నీళ్ళు ఎప్పుడూ పైకి రావు. ఎంతసేపున్నా రావు. నేను రోజూ చూస్తాను."

"మంచిదే కదమ్మా."

"మొదట్లో నిలబడే స్నానం చేసేదాన్ని. ఇప్పుడు కూర్చుంటున్నా."

మూల ఆవిడ ఏదో రాసుకుంది.

ఇంటికెప్పుడు తీసుకెళ్తావని ఇది అడుగుతుందని దారంతా భయపడుతూ వచ్చాను. ఏం చెప్పాలో బస్సులో పది రకాలుగా అనుకున్నాను. అది అడగలేదు. బొమ్మల పెట్టెలోంచి రంగుల పెన్సిళ్ళు తీసి ఏదో గీసుకుంది. నేను దాని చేతుల వైపు చూస్తూ కూర్చున్నాను. ఒకటి రెండుసార్లు తలెత్తి గోడ గడియారం చూసింది. గడియారం చూడటం ఎప్పుడు నేర్చుకుందో నాకు తెలియదు.

గంట కావడానికి ఇంకా పది నిమిషాలుండగా పెన్సిళ్ళు పెట్టెలో సర్దింది. కుర్చీ వెనక వేలాడుతున్న కోటు తీసి, ఎవరూ చెప్పకుండానే తొడుక్కుని, కింద నుంచి పైదాకా బొత్తాలు పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.